కాళ్లు నిలవని రాత్రుల్లో తోడుగా నిలవాలంటే

ఇంట్లో ఒకరికి రాత్రిళ్లు కాళ్లు నిలవకపోతే నిద్ర చెడేది ఇద్దరికీ. పడక మీద వాలిన కాసేపటికే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, లోపలినుంచి ఎవరో లాగుతున్నట్టు మొదలవుతుంది. కాలు కదిపితే ఊరట, ఆపితే మళ్లీ అదే బాధ. అటూ ఇటూ దొర్లి, చివరికి లేచి హాల్లో పచార్లు చేస్తారు. పక్కన పడుకున్నవారు మొదట్లో జాలిపడతారు, తర్వాత విసుక్కుంటారు, ఆ తర్వాత విసుక్కున్నందుకు బాధపడతారు.

ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చే జంటలున్నాయి. నెట్టుకురావాల్సిన అవసరం లేదు. ఈ బాధకు పేరుంది, పరీక్షలున్నాయి, మందులున్నాయి. మీ మనిషిని అక్కడి దాకా చేర్చడంలో పక్కన పడుకునే మీరు మాత్రమే చేయగల పనులు చాలా ఉన్నాయి. ప్రేమ మీకు ఎలాగూ ఉంది. దానికి ఒక పద్ధతి జోడిస్తే రాత్రులు మారతాయి. ఆ పద్ధతిని మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు: నమ్మండి

'కాళ్లు ఊపకు, అరిష్టం' అని పెద్దవాళ్లు కసిరిన ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. అందుకే కాలు కదిలితే చాలు అలవాటనో, కంగారనో, నిలకడలేనితనమనో అనేస్తాం. ఈ బాధ పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. అది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఇది నాడీ వ్యవస్థకు వచ్చే జబ్బు. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే దీని గురించి రాశాడు. స్వీడన్‌కు చెందిన నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్బామ్ 1945లో దీన్ని సవివరంగా వర్ణించాడు. ఆ ఇద్దరి పేర్లతో దీన్ని విల్లిస్-ఎక్బామ్ జబ్బు అని కూడా అంటారు.

దీని మూలం కాళ్లలో కాదు, మెదడులో ఉంది. చాలామందిలో రక్తంలో ఇనుము సరిపడా ఉన్నా మెదడుకు అందేది తక్కువగా ఉంటుంది. కదలికలను అదుపు చేసే డోపమైన్ అనే రసాయనం పనితీరు దానివల్ల గాడి తప్పుతుంది. శరీరంలోని రోజువారీ గడియారంతో ఈ వ్యవహారం ముడిపడి ఉండబట్టే పొద్దున పూట హాయిగా ఉన్న మనిషికి సాయంత్రమయ్యేసరికి బాధ మొదలవుతుంది. పగలు బాగానే ఉన్నారు కదా, పడుకునేటప్పుడే ఎందుకొస్తుంది అని మీకు అనుమానం వచ్చి ఉంటే జవాబు ఇదే. నటన ఎంతమాత్రం కాదు, జబ్బు స్వభావమే అది.

ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మగవారిలో కన్నా ఆడవారిలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. గర్భిణులకు చివరి మూడు నెలల్లో మొదలై, కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతుంది. మూత్రపిండాల జబ్బు ముదిరి డయాలసిస్ మీద ఉన్నవారిలో ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, కిడ్నీ రోగులు ఎంతోమంది ఉన్న ఊళ్లలో, 'కాళ్లు పీకుతున్నాయి' అన్న మాటను ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. గంటల తరబడి కదలకుండా డయాలసిస్ కుర్చీలో ఉండటం వారికి ఎంత కష్టమో ఊహించండి.

'నాకు తెలుస్తోంది, ఇది నీ చేతుల్లో లేదు' అని ఒక్కసారి మనస్ఫూర్తిగా చెప్పండి. ఏళ్లుగా తమను తాము నిందించుకుంటున్న మనిషికి ఆ మాటే మొదటి ఊరట.

రెండో మెట్టు: నాలుగు ప్రశ్నలు అడగండి

కాళ్లు లాగడానికి కారణాలు అనేకం. అదీ ఇదీ ఒకటనుకుంటే వైద్యం దారి తప్పుతుంది. ఈ నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి.

1. కాళ్లు కదపాలన్న కోరిక ఆపుకోలేనంతగా ఉందా?
2. కూర్చున్నప్పుడో, పడుకున్నప్పుడో మొదలవుతోందా, లేదా పెరుగుతోందా?
3. నడిస్తే, కాళ్లు చాపి ముడిస్తే, కదిలినంతసేపైనా తగ్గుతోందా?
4. పగటికన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉంటోందా?

నాలుగింటికీ అవునన్న జవాబు వస్తే అనుమానం బలపడినట్టే. పిక్క ఒక్కసారిగా గట్టిపడి ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది కండరం పట్టేయడం. పాదాలు రోజంతా మంటలుగా, తిమ్మిరిగా ఉంటే షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. నిలబడితే పెరిగి, కాళ్లు ఎత్తి పెట్టుకుంటే తగ్గితే ఉబ్బిన సిరలు కావచ్చు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందుల వల్ల ఒళ్లంతా కుదురులేకుండా పోయే స్థితి వేరే ఉంది, అది పగలూ రాత్రీ తేడా చూపదు. తేల్చాల్సింది డాక్టరే. మీరు చేయాల్సింది జవాబులు స్పష్టంగా అందించడం.

మూడో మెట్టు: చూసింది రాయండి

డాక్టరు గదిలో ఉండేది పది నిమిషాలు. ఏడాది పొడవునా పడిన బాధ అంతా 'నిద్ర పట్టట్లేదండీ' అన్న ఒక్క ముక్కలో ఇమిడిపోతుంది. చేతికి నిద్రమాత్ర వస్తుంది, అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. దీన్ని ఆపగలిగేది మీ నోటు పుస్తకం.

రెండు వారాల పాటు రోజుకో నాలుగు ముక్కలు రాయండి. బాధ ఎన్నింటికి మొదలైంది? ఎన్నిసార్లు లేచారు? ఏం చేస్తే తగ్గింది? ఆ రోజు కాఫీ, టీ, మద్యం, సిగరెట్, కొత్త మాత్ర ఏదైనా ఉన్నాయా? పగలు కునుకు తీశారా? అంతే, ఇంతకు మించి అక్కర్లేదు.

మీ మనిషికి తెలియని, మీకు మాత్రమే తెలిసిన సమాచారం ఇంకొకటుంది. ఈ జబ్బున్న ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది దాకా నిద్రలో కాళ్లు విదిలిస్తారు. సాధారణంగా 20 నుంచి 40 సెకన్లకు ఒకసారి బొటనవేలు పైకి లేచి, చీలమండ దగ్గర, మోకాలి దగ్గర కాలు ముడుచుకుంటుంది. తన్నిన సంగతి తన్నినవారికి తెలియదు. మీకు తెలుస్తుంది. అది రాయండి. గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందా అన్నది కూడా రాయండి. నిద్రలో శ్వాస ఆగే జబ్బు తోడైతే కాళ్ల బాధ ఇంకా పెరగొచ్చు. రాసేటప్పుడు ఫిర్యాదు పట్టికలా రాయొద్దు. 'నిన్న నన్ను మూడుసార్లు తన్నావు' అని పొద్దున్నే చదివి వినిపిస్తే ఆ పుస్తకం మీ ఇద్దరి మధ్య గోడ అవుతుంది.

నాలుగో మెట్టు: ఫెరిటిన్ పరీక్ష అడగండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. హిమోగ్లోబిన్ బాగుందని ఆగిపోవద్దు. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, దాంతోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచ్యురేషన్ పరీక్షలు చేయించమని అడగండి. చాలా ల్యాబులు ఫెరిటిన్ 20, 30 ఉన్నా మామూలే అని రిపోర్టు ఇస్తాయి. ఈ జబ్బుకు మాత్రం ఆ లెక్క చాలదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, పెద్దవారిలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, శాచ్యురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వడం గురించి ఆలోచించాలి. ఫెరిటిన్ 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రలు పెద్దగా ఎక్కవు కాబట్టి నరం ద్వారా ఇచ్చే ఇనుమును పరిశీలించాలి.

రక్తం పొద్దున్నే పరగడుపున ఇవ్వడం మేలు. అప్పటికే ఇనుము మాత్రలు వాడుతుంటే ముందు రోజు ఆపాలా అని డాక్టరును అడగండి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అందుకే అవి తగ్గాక చేయించాలి. కిడ్నీ పనితీరు, షుగరు, థైరాయిడ్, బి12 కూడా చూడమంటే ఇతర కారణాలు బయటపడతాయి. ఇనుము ఎందుకు తగ్గిందో వెతకడం అన్నిటికన్నా ముఖ్యం. నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, కడుపులో పుండు లాంటివి తెలియకుండానే నిల్వలను తోడేస్తుంటాయి. యాభై దాటిన మనిషికి కారణం లేకుండా ఇనుము తగ్గితే జీర్ణాశయం, పేగుల పరీక్ష తప్పదు.

మాత్రలు రాసిస్తే వాటిని ఎలా వేసుకోవాలో చూసుకునే బాధ్యత మీరు తీసుకోవచ్చు. నిమ్మరసం లాంటి విటమిన్ సి ఉన్నవాటితో వేసుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్రలకు రెండు గంటలైనా ఎడం ఉండాలి. మన ఇళ్లలో మాత్ర వేసుకోగానే కాఫీ గ్లాసు చేతికందుతుంది. మార్చాల్సిన అలవాటు అది. విరేచనం నల్లగా రావడం మామూలే, మలబద్ధకం ఎక్కువైతే చెప్పండి. ఫలితం రాత్రికి రాత్రి రాదు, వారాలు పడుతుంది. సుమారు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించాలి. పరీక్ష లేకుండా సొంతంగా ఇనుము మింగడం మాత్రం ప్రమాదం. తలసీమియా లాంటి జబ్బుల్లో ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో ఆ సీసాను అందనంత ఎత్తులో పెట్టండి.

ఐదో మెట్టు: మందుల పెట్టె సోదా చేయండి

కొన్నిసార్లు బాధను పెంచుతున్నది ఇంట్లో ఉన్న మాత్రే. జలుబు మాత్రల్లోనూ దగ్గు సిరప్‌ల్లోనూ ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దురదకూ నిద్రకూ వాడే మత్తు కలిగించే అలర్జీ మందులు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కుంగుబాటుకు వాడే మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్, ఎసిటలోప్రామ్ లాంటివి, మానసిక జబ్బులకిచ్చే ఓలాంజపిన్, హాలోపెరిడాల్ లాంటివి చాలామందిలో ఈ జబ్బును రెచ్చగొడతాయి. నిద్ర పట్టట్లేదని వేసుకున్న మాత్రతోనే కాళ్లు మరింత లాగే సందర్భాలు ఇందుకే వస్తాయి.

ఇంట్లో వాడుతున్న ప్రతి మాత్ర అట్టనూ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. సొంతంగా దేన్నీ ఆపొద్దు. కుంగుబాటు మందులు అర్ధాంతరంగా ఆపితే వేరే చిక్కులొస్తాయి. 'దీని బదులు కాళ్ల బాధ పెంచనిది ఏదైనా ఉందా డాక్టరు గారూ?' అని అడగడం మీ హక్కు.

ఆరో మెట్టు: మందును తెలుసుకుని వాడించండి

వారంలో రెండుమూడు రాత్రులకు మించి బాధ తీవ్రంగా ఉంటే మందు అవసరమవుతుంది. నరాల వైద్యుణ్ని, వీలైతే నిద్ర వైద్యంలో అనుభవమున్న వైద్యుణ్ని కలవండి. ఇప్పుడు ముందుగా సిఫార్సు చేస్తున్నవి గాబాపెంటిన్, ప్రెగాబాలిన్. వీటితో తల తిరగడం, పగటి మత్తు, బరువు పెరగడం రావచ్చు. పెద్దవయసువారు రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడిపోకుండా దారిలో చిన్న దీపం ఉంచండి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. మద్యంతో కలిపితే ప్రమాదం. మన దుకాణాల్లో ప్రెగాబాలిన్‌కు నార్‌ట్రిప్టిలిన్ కలిపిన మాత్రలు కూడా దొరుకుతాయి. ఆ రెండోది కొందరిలో కాళ్ల బాధను పెంచవచ్చు. అట్ట మీద ఏమేం కలిశాయో చదివి, డాక్టరుతో నిర్ధారించుకోండి.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపా లాంటి డోపమైన్ మందులు ఒకప్పుడు మొదటి ఎంపిక. మొదటి నెలల్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో ఇవే జబ్బును ముదరబెడతాయి. రాత్రి పదికి వచ్చే బాధ సాయంత్రం ఆరుకే వస్తుంది, కాళ్ల నుంచి చేతులకు పాకుతుంది. అప్పుడు మోతాదు పెంచడమంటే పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయడమే. అందుకే 2025 మార్గదర్శకాలు వీటిని మామూలుగా వాడొద్దంటున్నాయి. మీ నోటు పుస్తకంలోని 'ఎన్నింటికి మొదలైంది' అన్న గడి ఇక్కడ వెలకట్టలేని సాక్ష్యం. బాధ రోజురోజుకూ ముందుకు జరుగుతోందని అది చెప్పేస్తుంది.

ఈ మందులు వాడేవారిలో కొందరికి జూదం, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పెట్టడం, అదుపులేని కొనుగోళ్లు, అతి లైంగిక వాంఛ మొదలవుతాయి. అది వారి గుణం మారడం కాదు, మందు ప్రభావం. పక్కనున్నవారే ముందు గమనిస్తారు. నిందించకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ఈ మందులనూ ఒక్కసారిగా ఆపకూడదు, నెమ్మదిగా తగ్గించాలి.

ఏ మందుకూ లొంగని తీవ్రమైన జబ్బుకు అనుభవజ్ఞులైన నిపుణులు తక్కువ మోతాదులో ఓపియాయిడ్ మందులు కూడా ఇస్తారు. కాలి నరాన్ని సన్నని విద్యుత్ తరంగాలతో ప్రేరేపించే పరికరాలు కూడా కొన్ని దేశాల్లో వచ్చాయి. అంటే దారులన్నీ మూసుకుపోవడం అరుదు. ఒక మందు పనిచేయలేదని నిరాశపడే మీ మనిషికి ఈ సంగతి మీరు గుర్తుచేయాలి.

ఏడో మెట్టు: ఆ రాత్రికి ఆ రాత్రి ఆసరా

మందు పనిచేసేలోపు కూడా రాత్రులు గడవాలి కదా. వీటిలో ఏది నప్పుతుందో కలిసి ప్రయత్నించి చూడండి.

- పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లతో కాళ్లు కడగడం, పిక్కలు గట్టిగా రుద్దడం. కొందరికి చన్నీళ్లు నప్పుతాయి.
- పిక్కలనూ తొడలనూ సాగదీసే వ్యాయామం పది నిమిషాలు.
- రోజూ నడక. మరీ అలసిపోయేంత కసరత్తు, అదీ రాత్రి పొద్దుపోయాక చేస్తే బాధ పెరగొచ్చు.
- మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానేయడం. మద్యం, పొగ పూర్తిగా మానేస్తే మంచిది.
- మనసు లగ్నమయ్యే పని. పదబంధ ప్రహేళిక, చదరంగం, కుట్టుపని లాంటివాటిలో మునిగితే చాలామందికి బాధ కాసేపు అణుగుతుంది. ఊరికే టీవీ ముందు కూర్చుంటే అణగదు.

ప్రయాణాల దగ్గర ముందుచూపు కావాలి. హైదరాబాదు నుంచి విశాఖకు రాత్రి బస్సులో కట్టేసినట్టు కూర్చోవడం కన్నా, లేచి అటూ ఇటూ నడవగలిగే రైలు నయం. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకైతే విమానంలో నడవా పక్క సీటు ముందే అడిగి తీసుకోండి. ప్రయాణం రోజు మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే కనుక్కోండి. సినిమాకు, పెళ్లికి వెళ్లినా చివరి కుర్చీలో కూర్చోబెట్టండి. మధ్యలో లేస్తే ఏమనుకుంటారో అన్న బెంగ తీరుతుంది.

ఎనిమిదో మెట్టు: మీ నిద్రనూ కాపాడుకోండి

నిద్రలేని మనిషికి ఓపిక ఉండదు. మీరు రోజూ మూడు గంటలే నిద్రపోయి, పొద్దున్నే బండి నడిపి, ఆఫీసులో నిలదొక్కుకోవాలంటే ఎన్నాళ్లు సాధ్యం? వేర్వేరు దుప్పట్లతో మొదలుపెట్టండి. చాలకపోతే రెండు మంచాలు వేసుకోండి. అదీ చాలకపోతే వారంలో కొన్ని రాత్రులు వేరే గదిలో పడుకోండి. మంచం వేరైతే మనసులు వేరవుతాయని మన సమాజం భయపెడుతుంది. నిజానికి మనసులను వేరు చేసేది తెల్లవారుజామున నిద్రచాలక విసిరే మాట. పడుకునే ముందు అరగంట కలిసి గడిపి, ఇద్దరూ మాట్లాడుకుని ఈ ఏర్పాటు చేసుకుంటే అది దూరం కాదు, ఒప్పందం. అత్తామామలు అదే ఇంట్లో ఉంటే విషయాన్ని మీరే వివరించండి, ఆ భారం జబ్బున్నవారి మీద వేయొద్దు.

మాట తీరూ మార్చాలి. 'కాసేపు కదలకుండా పడుకో, అదే పోతుంది' అన్న సలహా ఈ జబ్బుకు సరిగ్గా విరుద్ధం. దాని బదులు, 'ఏమండీ, మళ్లీ మొదలైందా? నాలుగడుగులు నడిచి రండి, నేను వేడినీళ్లు పెడతాను' అనండి. గర్భంతో ఉన్న భార్యతో, 'నువ్వు నడువు, పొద్దున వంట సంగతి నేను చూసుకుంటాను' అనండి. సలహాకన్నా ఒక పని తలకెత్తుకోవడం ఎక్కువ ఊరటనిస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఏళ్ల నిద్రలేమి మనిషిని కుంగదీస్తుంది. 'ఇలా బతకడం ఎందుకు' లాంటి మాట వినిపిస్తే మామూలు విసుగని కొట్టిపారేయొద్దు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

ఈ వారం చేయాల్సినవి

అన్నీ ఒకేసారి మీద వేసుకోవద్దు. ఈ రాత్రి నాలుగు ప్రశ్నలు అడగండి. రేపు ఒక నోటు పుస్తకం కొనండి. ఎల్లుండి మందుల అట్టలన్నీ సంచిలో వేయండి. వారాంతంలోగా నరాల వైద్యుడి అపాయింట్‌మెంటు తీసుకుని, ఆ కాగితం మీద 'ఫెరిటిన్' అని పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మరొకరి బాధను మనం తీసుకుని పడలేం. దాన్ని నమ్మగలం, గమనించగలం, రాసిపెట్టగలం, వైద్యం ఉన్న చోటికి వెంట వెళ్లగలం. ఈ జబ్బు విషయంలో మందుకు ఈ నాలుగూ తోడు కావాలి. కాబట్టి అపాయింట్‌మెంటు రోజున మీ మనిషిని ఒంటరిగా పంపకండి. సెలవు పెట్టి, పుస్తకం పట్టుకుని, మీరూ వెళ్లండి.